పేరు చెక్కించే ముందు: దగ్గరివాళ్ళకు బహుమతి ఎంచుకోవడం ఎలా

మా దుకాణంలో ఫ్రేములు కడతాం, ఫొటోలు ప్రింట్ చేస్తాం, చెక్క మీద, లోహం మీద, తోలు మీద అక్షరాలు చెక్కుతాం. వచ్చేవాళ్ళు చాలామంది ఒక వస్తువు చేత్తో పట్టుకుని "దీని మీద పేరు వేస్తారా?" అని అడుగుతారు. వేస్తాం. కానీ ఆర్డరు రాసుకునే ముందు నేను ఒకటి అడుగుతాను: "ఇది వాళ్ళింట్లో ఎక్కడ ఉంటుంది?" వెంటనే జవాబు చెప్పగలిగినవాళ్ళు తెచ్చిన వస్తువు దాదాపుగా సరైనదే అయి ఉంటుంది. చెప్పలేనివాళ్ళు ఇంటికెళ్ళి ఆలోచించుకుని, చాలాసార్లు వేరే వస్తువుతో వస్తారు.

ఇచ్చేవాళ్ళ ధ్యాసంతా కాగితం విప్పే నిమిషం మీదే ఉంటుంది. ఆశ్చర్యపోవాలి, కళ్ళు చెమర్చాలి, పక్కనున్నవాళ్ళు మెచ్చుకోవాలి. పుచ్చుకున్నవాళ్ళకు మాత్రం ఆ వస్తువుతో ఏళ్ళ తరబడి పని. జెఫ్ గలక్, జూలియన్ గివీ, ఎలనార్ విలియమ్స్ అనే పరిశోధకులు 2016లో రాసిన వ్యాసంలో సరిగ్గా ఈ తేడానే చూపించారు. ఇచ్చేవాళ్ళు ఇచ్చే క్షణాన్ని చూసి ఎంచుకుంటారు, తీసుకునేవాళ్ళు వాడుకునే కాలాన్ని చూసి విలువ కడతారు. కౌంటరు ఇవతల నిలబడి నేను చూసిందీ అదే. అందుకే కింద చెప్పేదంతా ఆ తర్వాతి కాలం గురించే. వస్తువు ఎంపిక, దాని మీద రాసే మాట, అది దేనితో తయారైంది, అన్నీ ఆ లెక్కలోనే చూడండి.

ముందు మనిషిని చూడాలి

కొనాల్సిన వారం వచ్చాక "ఏమిద్దాం" అని తల పట్టుకుంటే, అందరికీ తోచేదే మనకీ తోస్తుంది. ఫోన్లో ఒక నోట్ తెరిచి, మీకు కావలసిన నలుగురైదుగురి పేర్లు రాసిపెట్టుకోండి. ఏడాది పొడవునా వాళ్ళు అన్న మాటలు, అన్నవి అన్నట్టే అందులో వేయండి. "ఈ కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మళ్ళీ..." అని అత్తయ్య అంటే, "అత్తయ్యకు కళ్ళజోడు స్టాండు" అని తేల్చేసి రాయొద్దు. ఆమె అన్నదే రాయండి. స్టాండు కాకుండా మెడలో వేసుకునే గొలుసు కావాలని ఆ మాటలోంచి మీకు తర్వాతెప్పుడో తట్టవచ్చు.

గమనించడానికి పనికొచ్చేవి కొన్ని చెబుతాను. ఏ వస్తువు అరిగిపోయినా పారేయకుండా బాగు చేయించుకుని వాడుతున్నారు? ఏది పక్కవాళ్ళ దగ్గర అడిగి తీసుకుంటున్నారు? ఏ పని చేసేటప్పుడు ఫోన్ పక్కన పెట్టేస్తారు? దేని గురించి మాట్లాడుతుంటే మధ్యలో ఆపబుద్ధి కాదు? వీటిలో మొదటిది అన్నిటికంటే గట్టి ఆధారం. ఒక మనిషి ఒకే పర్సుకు మళ్ళీ మళ్ళీ కుట్లు వేయించుకుంటున్నాడంటే అతనికి కొత్త పర్సు అక్కర్లేదు. ఆ పర్సుతో అతనికేదో ముడిపడి ఉంది. దాన్ని మంచి పనివాడి చేత విప్పించి, లోపలి అస్తరు మార్పించి ఇవ్వడం కొత్తది కొనిచ్చేదానికంటే పెద్ద బహుమతి. కాకపోతే అలాంటిది వాళ్ళకు చెప్పే చేయించండి. వాళ్ళకిష్టమైన వస్తువును వాళ్ళకు తెలియకుండా ముట్టుకోకూడదు.

ఒకబ్బాయి వాళ్ళమ్మ కోసం కత్తెర తెచ్చాడు. ఆవిడది ఎడమచేతి వాటం, వృత్తి కుట్టుపని. మామూలు కత్తెర కుడిచేతి వాళ్ళకోసం చేసింది. ఎడమ చేత్తో పట్టుకుంటే పై అంచు గీతకు అడ్డొచ్చి, ఎక్కడ కత్తిరిస్తున్నామో సరిగా కనబడదు, రెండు అంచులూ ఒకదాన్నొకటి ఒత్తుకోవడానికి బదులు విడిపోతుంటాయి. ఎడమచేతి కత్తెరలో అంచులే తారుమారుగా ఉంటాయి, పిడి ఒక్కటీ మారిస్తే సరిపోదు. ఆ సంగతంతా తెలుసుకుని, వెతికి, అలాంటిది తెప్పించాడు. పేరు ఎక్కడ వేయమంటావని అడిగితే కత్తెర మీద వద్దన్నాడు. తోలు ఒరకు లోపలి వైపు ఆవిడ పొడి అక్షరాలు చిన్నగా వేయించుకున్నాడు. ఆ బహుమతికి పేరుతో పనే లేదు, ఆ ఇంట్లో ఆ కత్తెర ఇంకెవరికీ ఒదగదు.

నేను మనస్ఫూర్తిగా నమ్మేది ఇదే. ఒదిగేది ముందు ఎంచుకోండి, పేరు సంగతి తర్వాత. కీళ్ళనొప్పులున్న వాళ్ళకు లావు పిడి ఉన్న వస్తువు, చూపు ఆనని పెద్దవాళ్ళకు పెద్దక్షరాల్లో ముద్రించిన ఫోన్ నంబర్ల పుస్తకం, పొడుగు మనిషికి కాళ్ళు బయటపడని దుప్పటి. ఇవన్నీ ఆ ఒక్క మనిషి కోసమే ఆలోచించినవి.

రాసే మాట

"ప్రపంచంలోకెల్లా మంచి నాన్న" అని రాయమంటారు. అది ఏ నాన్నకైనా సరిపోతుంది కాబట్టి మీ నాన్నది కాదు. ఆయన రోజూ అనే మాట ఒకటుంటుంది, అది రాయించండి. ఒకమ్మాయి చిన్న టేబుల్ లైటు తెచ్చి, దాని చెక్క పీట మీద "ఇంక లైటు తీసి పడుకో" అని చెక్కించుకుంది. వాళ్ళ నాన్న ఆమె చదువుకునే రోజుల్లో రాత్రుళ్ళు తలుపు దగ్గర నిలబడి అన్న మాటట. ఇప్పుడు ఆయనే పొద్దుపోయేదాకా పుస్తకాలు చదువుతూ కూర్చుంటున్నారు, ఆ మాట ఆయనకే తిప్పి ఇస్తున్నానంది. అక్షరాలు చెక్కుతూ నాకు మా నాన్న మాటలు గుర్తొచ్చాయి.

కవిత్వం, సూక్తులు, హృదయం బొమ్మలు ఎంత తగ్గిస్తే అంత మంచిది. మూడు నాలుగు మాటలు చాలు. ఏళ్ళ తరబడి కళ్ళముందు ఉండే వస్తువు మీద పొడుగాటి వాక్యం ఉంటే కొన్నాళ్ళకు దాన్ని చదవడం మానేస్తారు.

పేరే రాయించాలనుకుంటే, వాళ్ళు తమ పేరు ఎలా రాసుకుంటారో అలాగే రాయించండి. హ్రస్వమా దీర్ఘమా, "ల"నా "ళ"నా, రెండు ముక్కలుగా రాస్తారా కలిపి రాస్తారా అన్నది మన వ్యాకరణం బట్టి కాదు, వాళ్ళ సంతకం బట్టి. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఇంకా జాగ్రత్త. ఒకే పేరుకు "హెచ్" పెట్టేవాళ్ళు, పెట్టనివాళ్ళు ఉంటారు. వాళ్ళు సంతకం చేసిన కాగితమేదైనా ఒకసారి చూసుకుని రండి. తేదీ వేయిస్తుంటే నెల పేరు అక్షరాల్లో వేయించండి. 03/04 అని వేస్తే కొందరికి అది ఏప్రిల్ 3, ఇంకొందరికి మార్చి 4.

పుట్టిన తేదీ, ఇంటి చిరునామా పైకి కనబడే వస్తువుల మీద వద్దు. చిన్నపిల్లల సంచి మీద, నీళ్ళ సీసా మీద పేరు పెద్దక్షరాల్లో వేయమని అడిగితే, లోపలి వైపు వేస్తానని చెబుతాను. ముక్కూమొహం తెలియనివాళ్ళు పిల్లను పేరుపెట్టి పిలిస్తే, తెలిసినవాళ్ళే అనుకుని ఆ పిల్ల వెళ్ళే ప్రమాదం ఉంది.

చేతిరాత, పాత కాగితాలు

నా చేతుల మీదుగా వెళ్ళినవాటిలో మనుషులు ఎక్కువగా దాచుకున్నవి చేతిరాతలే. అమ్మమ్మ రాసిన ఉత్తరంలో చివర "జాగ్రత్త" అన్న ఒక్క మాట, అన్నయ్య చిన్నప్పటి నోట్ పుస్తకంలో వంకర టింకర సంతకం. వీటిని లాకెట్టు మీదకో, చెక్క పలక మీదకో ఎక్కించవచ్చు. ఫ్లాట్ స్కానర్ మీద 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో, స్కాన్ చేయించండి. స్కానర్ దొరక్కపోతే కాగితాన్ని కిటికీ దగ్గర చదునుగా పరిచి, ఫ్లాష్ వేయకుండా, ఫోన్ సరిగ్గా పైనుంచి పట్టుకుని తీయండి. ఏటవాలుగా తీస్తే అక్షరాల వాలు మారిపోయి, అది వాళ్ళ రాతలా ఉండదు. గీతలు శుభ్రం చేసేటప్పుడు వణుకును, సిరా తడబాటును దిద్దొద్దని పనివాడికి ముందే చెప్పండి. ఆ వణుకు కూడా వాళ్ళదే.

అసలు కాగితాన్ని లామినేషన్ చేయించకండి. ఒకసారి ప్లాస్టిక్ అతుక్కుంటే మళ్ళీ పాడవకుండా ఊడదీయడం జరగని పని. ఆమ్లం లేని కాగితపు కవర్లో పెట్టి, నకలును ఫ్రేము కట్టించండి. టికెట్లు, బిల్లులు దాచుకున్నవాళ్ళకు ఇంకో మాట: వాటిలో చాలావరకు వేడికి నల్లబడే థర్మల్ కాగితం మీద ముద్రించినవి. వాటంతటవే వెలిసిపోతాయి, వేడి లామినేషన్ యంత్రంలో పెడితే మొత్తం నల్లగా మారిపోతాయి. మీ ఇద్దరూ మొదటిసారి కలిసి చేసిన ప్రయాణం టికెట్ దగ్గరుంటే, అక్షరాలు కనబడుతుండగానే ఇవాళే స్కాన్ చేసి పెట్టుకోండి.

ఫొటోలు

ఇక్కడ చిన్న లెక్క తెలిస్తే చాలా నిరాశ తప్పుతుంది. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే 8×10 అంగుళాల ఫొటోకు 2400×3000 పిక్సెళ్ళు. గోడకు తగిలించి దూరం నుంచి చూసేదైతే అందులో సగం, అంగుళానికి 150 ఉన్నా బాగానే ఉంటుంది. ఫోన్‌తో తీసిన ఫొటోకు ఈ బలం మామూలుగా ఉంటుంది, కానీ వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపించుకోండి. అది కూడా మొదట తీసినవాళ్ళ ఫోన్ నుంచి. నాలుగు గ్రూపులు తిరిగి వచ్చిన ఫొటోను డాక్యుమెంట్‌గా పంపినా పోయింది తిరిగి రాదు.

పాత ప్రింటును పెద్దది చేయాలంటే 4 అంగుళాల వెడల్పున్నదాన్ని 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400 పిక్సెళ్ళు వస్తాయి, 8 అంగుళాలకు సరిపోతాయి. గ్రూపు ఫొటోలో వేలిగోరంత ఉన్న ముఖాన్ని గోడంత చేయమంటే మాత్రం ఏ స్కానరూ ఏమీ చేయలేదు. ఇప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ మసకను పదునుగా చేసి చూపిస్తాయి. లేని కన్నురెప్పల్ని, లేని ముడతల్ని ఊహించి గీస్తాయి. పోయినవాళ్ళ ముఖం విషయంలో నేను దానికి ఒప్పుకోను. ఇంటివాళ్ళు చూడగానే "ఈయన ఆయన కాదు" అని పట్టేస్తారు. ఆ చిన్న ముఖాన్ని చిన్నగానే ఉంచి, చుట్టూ వెడల్పాటి మౌంట్ (ఫొటోకు ఫ్రేముకు మధ్య ఉండే అట్ట అంచు) వదిలి ఫ్రేము కట్టించండి, చూపు నేరుగా దాని మీదకే పోతుంది.

ఏ ఫొటో ఎంచుకోవాలి? అందరూ కెమెరా వైపు చూస్తున్నది కాదు. ఆ మనిషి ఏదో పనిలో ఉండి, ఫొటో తీస్తున్న సంగతి పట్టించుకోనిది. పుచ్చుకోబోయే మనిషికి ఆ ఫొటోలో తను ఎలా కనబడుతుందో నచ్చుతుందా లేదా అన్నది కూడా చూడండి. మీకు ముద్దొచ్చిన ఫొటో ఆమెకు ఇబ్బందిగా ఉండొచ్చు.

ఎండ తగిలే గోడకైతే ఫొటోను వెలిసేలా చేసే యూవీ కాంతిని ఆపే గాజు అడగండి. జిగురు పేజీల మీద ప్లాస్టిక్ పొర కప్పే పాత రకం ఆల్బమ్‌లు కొనొద్దు. ఆ జిగురు ఏళ్ళు గడిచేకొద్దీ ఫొటోను పసుపు పట్టిస్తుంది, తీయబోతే చించుతుంది.

దేని మీద ఏది నిలుస్తుంది

కప్పు మీద ఫొటో మామూలుగా వేసేది సబ్లిమేషన్ పద్ధతిలో, అంటే వేడితో రంగును ఆవిరి చేసి ఎక్కించడం. ప్రత్యేకమైన పాలిమర్ పూత ఉన్న కప్పుకే ఆ రంగు పడుతుంది. పీచుతో గట్టిగా తోమే ఇల్లయితే బొమ్మ త్వరగా పాడవుతుంది. ఇదే పద్ధతి నూలు బట్ట మీద నిలవదు, పాలిస్టర్‌కే నిలుస్తుంది. నూలు చొక్కా మీద మాట వేయించాలంటే ఎంబ్రాయిడరీ మేలు, ఉతుకులకు తట్టుకుంటుంది. పసిపిల్లల బట్టలకైతే కుట్టు వెనకవైపు మెత్తటి గుడ్డ అతికించమనండి, లేకపోతే దారం ముళ్ళు ఒంటికి గుచ్చుకుంటాయి.

పూత పూసిన లోహం మీద లోతుగా చెక్కితే అడుగునున్న లోహం బయటపడి రంగు తేడా వస్తుంది. రంగు పూత ఉన్న స్టీలు సీసాలకు అదే మంచిది, అక్షరం వెండిలా మెరుస్తూ ఉండిపోతుంది. బంగారు పూత నగకు మాత్రం అది మచ్చ. ఇత్తడి వస్తువును తరచూ పాలిష్ పెట్టే ఇల్లయితే అక్షరం లోతుగా ఉండాలి. ఉంగరం లోపల రాయిస్తే ముందు వేలి కొలత ఖాయం చేసుకోండి. తర్వాత సైజు మార్చాలంటే కోసి అతకాలి, అక్షరాల మధ్యలోనే కోత పడవచ్చు. రెగ్జిన్ వస్తువుల మీద లేజర్ వేయమని ఎవరైనా అడిగితే మేం వేయం. అందులో పీవీసీ అనే ప్లాస్టిక్ ఉంటే కాలినప్పుడు విషవాయువు వస్తుంది. నిజమైన తోలైతే చక్కగా పడుతుంది.

తెలుగు అక్షరాలకు విడిగా ఒక జాగ్రత్త ఉంది. మన వత్తులు, గుడులు చిన్న సైజులో పూడుకుపోతాయి. "లక్ష్మి"లో కింది వత్తు, "స్త్రీ"లో క్రావడి ముద్దగా అయిపోతాయి. అందుకే ఇంగ్లీషులో పట్టిన చోట తెలుగూ పడుతుందని అనుకోవద్దు, కాస్త పెద్ద స్థలం ఉన్న వస్తువు తీసుకోండి. మీరు ఫోన్లో టైపు చేసి పంపే యూనికోడ్ అక్షరాలను దుకాణంలో అచ్చుపనికి వాడే పాత డీటీపీ ఫాంటులోకి మార్చేటప్పుడు వత్తులు చెదరవచ్చు. మొదలుపెట్టే ముందు ప్రూఫ్‌ను, అంటే చెక్కబోయేది ఎలా ఉంటుందో చూపే నమూనాను, బొమ్మ రూపంలో తెప్పించుకుని, ఒక్కో అక్షరం మీద వేలుపెట్టి చదవండి. ఇంకొకరికి కూడా చూపించండి. సొంత మనిషి పేరును మనం చూసి చదవం, గుర్తుతో చదివేస్తాం.

గొంతు

దూరంగా ఉన్నవాళ్ళకు గొంతు కంటే దగ్గరి బహుమతి నాకు తెలియదు. రికార్డు చేసేటప్పుడు ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, పరదాలు, పరుపు ఉన్న గదిలో కూర్చోండి, ఖాళీ గదిలో మాట మోగుతుంది. "నీ జీవితం గురించి చెప్పు" అంటే ఎవరూ మాట్లాడలేరు. "నువ్వు మొదటి జీతంతో ఏం కొన్నావు?" అంటే గంట సేపు చెబుతారు.

ఆ గొంతుకు క్యూఆర్ కోడ్ పెట్టి ఫ్రేము మీద వేయించడం ఇప్పుడు బాగా నడుస్తోంది. డైనమిక్ క్యూఆర్ అయితే అది ముందు ఒక కంపెనీ సర్వర్‌కు వెళ్ళి, అక్కడి నుంచి మీ ఫైలుకు వెళుతుంది. చందా ఆగినా, ఆ కంపెనీ మూతపడినా కోడ్ చచ్చిపోతుంది. లింకు నేరుగా కోడ్‌లోనే ఉండే స్టాటిక్ క్యూఆర్ తీసుకోండి, ఆ లింకు మీ చేతిలో ఉన్నదై ఉండాలి. దాంతోపాటు అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, కంప్యూటర్లో ఇంకో నకలు ఉంచండి. మాటలను కాగితం మీద కూడా రాసి ఇవ్వండి.

దుఃఖంలో ఉన్నవాళ్ళకు

ఇది తొందరపడకూడని చోటు. పోయిన మనిషి ఫొటోతో దిండు, కప్పు, గడియారం చేయించి తెచ్చేవాళ్ళ ప్రేమను నేను శంకించను. కానీ ఆ కప్పు పగలొచ్చు, ఆ దిండు ఉతకాల్సి వస్తుంది, ఆ గడియారం ఆగిపోతుంది. అప్పుడు ఆ ఇంటివాళ్ళు మరోసారి కుమిలిపోతారు. పైగా ఆ ముఖాన్ని ఎప్పుడు చూడాలో, ఎప్పుడు చూడలేరో తేల్చుకునే వీలు వాళ్ళకే ఉండాలి. గోడకు తగిలించేది కాకుండా మూతపెట్టి దాచుకోగలిగేది ఇవ్వండి: మూసి ఉండే ఫోల్డరులో ఫొటో, చిన్న పెట్టెలో ఉత్తరాల నకళ్ళు. ముందుగా ఇంట్లో ఒకరిని అడగండి. అడిగితే విలువ తగ్గుతుందని అనుకోకండి.

ఇంకా మంచిది, మీ దగ్గరున్నవి ఇవ్వడం. మీ ఫోన్లో ఆయన ఫొటోలు, మీకు పంపిన వాయిస్ మెసేజ్‌లు ఆ ఇంటివాళ్ళు ఎప్పుడూ చూడనివి, విననివి అయి ఉంటాయి. వాటిని జాగ్రత్తగా ఒకచోట చేర్చి, ప్రతిదాని కింద అది ఏ సందర్భమో రెండు వాక్యాలు రాసి ఇవ్వండి. ఇలాంటివి ఒక పుస్తకంగా కట్టించుకోవడానికి వచ్చినప్పుడు నేను పని ఆపుకుని మరీ కూర్చుంటాను.

ఒకేసారి చాలామందికి

ముగ్గురు అక్కచెల్లెళ్ళకు కొనేటప్పుడు ముగ్గురికీ వేర్వేరుగా ఉండాలని పట్టుబడతాం. మేరీ స్టెఫెల్, రాబిన్ లెబఫ్ 2014లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒకేసారి పలువురికి కొనేవాళ్ళు ఈ తేడా కోసమే చూసి, పుచ్చుకునేవాళ్ళకు అంతగా నచ్చని వస్తువులు ఎంచుకుంటారు. ముగ్గురికీ మంచి పెన్నే ఇష్టమైతే ముగ్గురికీ అదే పెన్ను ఇవ్వండి. ఒక్కొక్కరికీ రాసే చీటీలో తేడా చూపించండి.

ఇచ్చే ముందు

చెక్కించే వస్తువును సాధారణంగా వాపసు తీసుకోరు, కాబట్టి సైజు, రంగు విషయంలో అనుమానముంటే ముందు వస్తువు ఇచ్చి, వాళ్ళకు కుదిరిందని తేలాక అక్షరాలు వేయిస్తానని చెప్పండి. కొత్త పనివాడైతే అదే రకం ముక్క మీద నమూనా అడగండి. చేతిపని ఉన్నవాటికి మీరనుకున్నదాని కంటే ఎక్కువ రోజులు పెట్టుకోండి. ప్రూఫ్ దిద్దుకోవడానికే ఒకటి రెండుసార్లు అటూ ఇటూ తిరుగుతుంది.

తేదీకి అందదని తెలిస్తే ఆ కంగారులో వేరేది కొనేయొద్దు. ప్రూఫ్ బొమ్మను మంచి కాగితం మీద ప్రింట్ తీసి, అది ఎందుకు చేయిస్తున్నారో మీ చేత్తో నాలుగు వాక్యాలు రాసి ఆ రోజుకు ఇవ్వండి. వస్తువు వచ్చాక ఆ కాగితాన్ని దానితోపాటే పెట్టెలో ఉంచమనండి. ఫ్రేము అయితే ఆ కాగితాన్ని వెనక అట్ట లోపల పెట్టి మూయమని మాకు చెప్పండి.